నీలాపనింద : స్థూలకాయులపై లోకపు తీర్పు



ప్రతి సంవత్సరము భాద్రపద శుద్ధ చవితినాడు మన యిండ్లలో అక్షతలు చేతబట్టుకొని ఒక కథ విందుము. కుడుములు, ఉండ్రాళ్ళు తృప్తిగా ఆరగించిన విఘ్నేశ్వరుడు కైలాసమునకు వచ్చి తల్లిదండ్రులకు నమస్కరింపబోయెను. ఉదరము నేలకు ఆనినచో చేతులు ఆనవు. చేతులు ఆనినచో చరణములు ఆనవు. శివుని శిరస్సునందున్న చంద్రుడు అది చూచి నవ్వెను. పార్వతీదేవి కోపించి, చంద్రుని చూచినవారు నిందలపాలగుదురని శపించెను. దేవతలు ప్రార్థింపగా ఆ శాపము చవితినాటికి మాత్రము పరిమితమయ్యెను. శ్రీకృష్ణుడంతటివాడు పాలలో చంద్రుని నీడను చూచి, శమంతకమణిని అపహరించెనను అపవాదును మోయవలసి వచ్చెను.

ఈ కథలో ఒక విశేషమును మనము సాధారణముగా గమనింపము. ఒకని బొజ్జను చూచి నవ్విన నవ్వునకు ఫలముగా లోకమునకు వచ్చినది రోగము కాదు, దారిద్ర్యము కాదు, నీలాపనింద. నీలాపనింద యనగా చేయని తప్పును మోయుట. లావైనవానిని చూచి నవ్వువాడు చేయు పనియు అదియే. అతడు దేహమును చూచి గుణమును నిర్ణయించును. “వీడు తిండిపోతు, వీడు సోమరి, వీనికి మనోనిగ్రహము లేదు” అని విచారణ లేకయే తీర్పు చెప్పును. ఆ తీర్పు మన మాటలలో ఎట్లు దాగియున్నదో, చలనచిత్రములును పత్రికలును దానిని ఎట్లు పెంచినవో, శాస్త్రము దానిని గూర్చి యేమి చెప్పుచున్నదో ఈ పాఠములో పరిశీలింతము.

1. మాటలలోని తీర్పు

మొదట “లావు” అను మాటను తీసికొందము. నేడు ఈ మాటకు స్థూలత్వమని యర్థము. ప్రాచీన కవుల కాలమున దీనికి బలము, శక్తి యని యర్థము. పోతన భాగవతములోని గజేంద్రమోక్షమున, మొసలితో పెనగి యలసిన ఏనుగు తనయందు లావు లేదని మొరపెట్టుకొనునపుడు, ఆ మాటకు ఈ ప్రాచీనార్థమే. నేలపై తిరుగు జంతువులన్నిటిలో పెద్ద దేహము గలది తనకు లావు లేదనుచున్నది! దేహపు పరిమాణము వేరు, దేహపు శక్తి వేరు అని ఆనాటి భాషకు తెలియును. కాలక్రమమున శక్తియను అర్థము జారిపోయి, పరిమాణమను అర్థము మాత్రము మిగిలినది.

ఇక “కొవ్వు” అను మాట. ఇది దేహములోని ఒక పదార్థమునకు పేరు. కాని “వానికి కొవ్వెక్కినది” అన్నప్పుడు మనము దేహమును గూర్చి మాటాడుట లేదు. అహంకారమును గూర్చి మాటాడుచున్నాము. “ఒళ్ళు బలిసినది” అనునదియు నట్టిదే. సన్నని మనుష్యుడు గర్వించినను వానికి “కొవ్వు” పట్టినదనియే యందుము. దీనికి విరుద్ధముగా “చిక్కిపోయినావు” అను మాటలో జాలియు, ఆప్యాయతయు కలవు. అనగా మన భాషలో సన్నదనము సానుభూతిని, లావు అనుమానమును పొందుచున్నవి. ఈ పలుకుబడులు ఏ యొక్కడో కల్పించినవి కావు. ఎన్నో తరముల అలవాటు వానిలో పేరుకొన్నది. అందుచేతనే అవి మనకు తెలియకుండ మనచేత తీర్పు చెప్పించును.

రెండు భాషల నడుమ పెరుగు ధర్మపురి పిల్లలకు ఇంకొక విశేషము తెలియును. “గుండు” అను మాట తెలుగున గుండ్రని రాతికిని, క్షౌరము చేయించిన తలకును పేరు. తిరుపతి వెళ్ళి తలనీలాలిచ్చి వచ్చిన బాలుని తోటివారు “గుండు” అని పిలిచినచో రెండు మూడు నెలలలో వెండ్రుకలు పెరుగును, ఆ పేరు పోవును. తమిళమున అదే మాటకు లావైనవాడని యర్థము. వీధిలో ఆ పేరు పడిన పిల్లవానికి అది వెండ్రుకలతో పోవునది కాదు. ఐదవ తరగతిలో పడిన పేరు పదవ తరగతి వరకు వెంట వచ్చును; కొందరికి పెండ్లి శుభలేఖ పంచునాటికిని పోదు. మాట ఒక్కటే, ఒక భాషలో అది ముచ్చట, వేరొక భాషలో అది గాయము. రెండు భాషలు తెలిసినవారు ఈ భేదమును ఇతరులకంటె ముందుగా గ్రహింపగలరు, గ్రహింపవలెను.

2. కరవునాటి చూపు

లావును లోకము ఎల్లప్పుడు ఒకే విధముగా చూచినదనుకొనరాదు. మన ప్రాంతము 1965వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ప్రత్యేక జిల్లా యగు వరకు సేలము జిల్లాలోని భాగము. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన ధాత కరవు సేలము జిల్లాను కూడ క్రూరముగా బాధించినది. 1877లో కరవు పనులకు వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయు కూలిగా నిర్ణయించిరి. ఆ తిండితో దినమంతయు మట్టి మోయుట అసాధ్యమని మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను.

అట్టి కాలమును చూచినవారి సంతతికి నిండుగానున్న దేహము కంటికి పండుగ. “కాస్త ఒళ్ళు చేసినావు” అని అవ్వ మనుమరాలిని చూచి సంతోషించుటకు కారణమిదియే. ఆమె దృష్టిలో ఒళ్ళు చేయుట యనగా ఆ యింట రాగిసంగటికి లోటు లేదని యర్థము. నేడు అదే మాటను మనుమరాలు నిందగా వినుచున్నది. ఇద్దరి నడుమ మారినది దేహము కాదు. దానిని చూచు కన్ను.

నేటి పరిస్థితియు ఏకరూపముగా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో 24 శాతము మంది ఉండదగిన బరువుకంటె ఎక్కువగాను, సుమారు 19 శాతము మంది తక్కువగాను ఉన్నారు. రెండును పోషణకు సంబంధించిన సమస్యలే. కాని మొదటివారిని చూచి నవ్వుదుము, రెండవవారిని చూచి జాలిపడుదుము.

3. చలనచిత్రములు, పత్రికలు

కన్ను ఎట్లు మారినదో తెలిసికొనుటకు చలనచిత్రములు మంచి సాక్ష్యము. 1957లో తెలుగున, తమిళమున విడుదలయైన “మాయాబజార్” చిత్రమును గుర్తుచేసికొనుడు. ఎస్.వి. రంగారావు గారి భారీ విగ్రహము ఘటోత్కచునకు గాంభీర్యము తెచ్చినది. సావిత్రి గారి నిండైన రూపము శశిరేఖకు అందము తెచ్చినది. అదే చిత్రమున లక్ష్మణకుమారుడుగా నటించిన రేలంగి గారి లావు, రమణారెడ్డి గారి బక్కతనము, రెండును నవ్వు తెచ్చినవి. ఒకే తెరపై పెద్ద దేహము గాంభీర్యము కాగలిగెను, సౌందర్యము కాగలిగెను, హాస్యము కాగలిగెను. ఆ హాస్యములో బక్కవానికిని సమానమైన భాగముండెను.

తరువాతి కాలమున ఈ వైవిధ్యము తగ్గినది. లావైన స్త్రీకి తెరపై మిగిలినది చాలవరకు నవ్వుల పాత్రయే. 2006లో వచ్చిన “కితకితలు” చిత్రమున లావైన భార్యను చూచి భర్త సిగ్గుపడుటయే కథావస్తువు. ఆ పాత్రను గీతాసింగ్ ధరించెను. చివరకు భర్త ఆమె మంచితనమును గుర్తించును. కథ సుఖాంతమే. కాని ఒక ప్రశ్న మిగిలియున్నది. సన్నని నాయిక భర్త ప్రేమను పొందుటకు ఏ పరీక్షలోను నెగ్గనక్కరలేదు. లావైన నాయిక మాత్రము తాను అసాధారణమైన మంచిదానినని నిరూపించుకొన్న తరువాతనే ప్రేమకు అర్హురాలగుచున్నది. ఇది న్యాయమా?

2015 నవంబరులో ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వమున “సైజ్ జీరో” విడుదలయ్యెను. బరువు తగ్గింతుమని చెప్పి జనులను మోసగించు వ్యాపారమును ఈ చిత్రము విమర్శించినది. తమిళమున దీని పేరు “ఇంజి ఇడుప్పళగి”, అనగా అల్లము వంటి నడుము గల అందగత్తె. నాయిక అనుష్క ఈ పాత్ర కొఱకు నిజముగనే బరువు పెంచుకొనెను. దేహమును చూచి మనుష్యుని కొలవవద్దని చెప్పిన చిత్రము అది. అయినను పిమ్మట చాలకాలము పత్రికలు ఆమె నటనను గూర్చి కంటె ఆమె బరువును గూర్చియే ఎక్కువగా చర్చించినవి. చిత్రము చెప్పిన నీతి పత్రికల చెవికి ఎక్కలేదు.

వార్తలలో మరియొక ఆచారము కలదు. స్థూలకాయమును గూర్చి వ్యాసము వేయునపుడు వీధిలో నడచు లావైనవారి చిత్రమును మెడ దిగువనుండి మాత్రమే అచ్చువేయుదురు. ముఖముండదు. దీనిని 2007లో షార్లెట్ కూపర్ అను బ్రిటిషు రచయిత్రి ఎత్తిచూపెను. ముఖమును దాచుట గౌరవము కొఱకే యని పత్రికలవారు చెప్పవచ్చును. కాని ముఖము లేని మనుష్యునకు పేరులేదు, చూపులేదు, మాటలేదు. మిగిలినది పొట్ట మాత్రమే.

2017 ఫిబ్రవరిలో ముంబయి పురపాలక ఎన్నికలనాడు ప్రసిద్ధ రచయిత్రి శోభా డే ఒక లావైన పోలీసు ఉద్యోగి చిత్రమును ప్రకటించి, నగరములో “భారీ” బందోబస్తు అని పరిహసించెను. అతడు ముంబయివాడు కాడు, మధ్యప్రదేశ్ రాష్ట్రమువాడు. తన బరువు తిండివలన వచ్చినది కాదనియు, అనారోగ్యమువలన వచ్చినదనియు అతడు బదులు చెప్పెను. చంద్రుని నవ్వు ఒక్క క్షణము. దాని వలని నింద దేశమంతయు ప్రాకినది.

4. శాస్త్రము చెప్పునది

బరువును కొలుచుటకు వైద్యులు వాడు సూత్రము మీకు తెలియదగినది. కిలోలలో నున్న బరువును, మీటర్లలో నున్న ఎత్తు యొక్క వర్గముతో భాగింపవలెను. 60 కిలోల బరువు, 1.5 మీటర్ల ఎత్తు గల పెద్దవారికి 60ని 2.25తో భాగింపగా సుమారు 26.7 వచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవారికి 25 మొదలు అధిక బరువు, 30 మొదలు స్థూలకాయము. ఎదుగుచున్న పిల్లలకు ఈ హద్దులు వర్తింపవు. వారికి వయస్సును బట్టి వేరు పట్టికలు కలవు. కావున దీనితో ఒకరినొకరు లెక్కించుకొనకుడు.

ఈ సూత్రమునకు మూలపురుషుడు బెల్జియము దేశపు గణాంకవేత్త కెతలే. ఆయన వైద్యుడు కాడు. 1830 దశాబ్దమున జనసమూహముల సగటును తెలిసికొనుటకు దీనిని కనుగొనెను. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దీనికి నేటి పేరు పెట్టెను. దానినే మనము బి.ఎం.ఐ. అనుచున్నాము. సమూహము కొఱకు పుట్టిన కొలత ఒక్కొక్క మనుష్యుని విషయమున ఎంత పొరపడగలదో చూడుడు. పూనా నగరపు డాక్టరు యాజ్ఞిక్, ఇంగ్లండు దేశపు డాక్టరు యడ్కిన్ తమ కొలతలను తామే 2004లో “లాన్సెట్” పత్రికలో ప్రకటించిరి. ఇద్దరి సూచికయు 22.3. కాని యాజ్ఞిక్ దేహమున కొవ్వు 21.2 శాతము, యడ్కిన్ దేహమున 9.1 శాతము! చూచుటకు సన్నగానున్నవాని లోపల కొవ్వు ఎక్కువగా నుండవచ్చును. కంటిచూపు వైద్యపరీక్ష కానేరదు.

బరువునకు కారణము తిండి యొక్కటేనా? 1986లో డాక్టరు స్టంకార్డు, ఆయన సహచరులు డెన్మార్కు దేశమున దత్తు పోయిన 540 మందిని పరిశీలించిరి. పెద్దవారైన తరువాత వారి దేహములు పెంచిన తల్లిదండ్రులను గాక, కన్న తల్లిదండ్రులను పోలియున్నవి. తిన్నది ఒక యింటి అన్నము, వచ్చినది వేరొక యింటి పోలిక. వంశపారంపర్యమునకు ఇంత బలము కలదు.

1994లో ఫ్రీడ్మన్ బృందము “లెప్టిన్” అను హార్మోనును కనుగొనినది. కొవ్వు కణములనుండి బయలుదేరి, దేహమున నిలువ చాలినంత ఉన్నదని మెదడునకు తెలుపు పదార్థమిది. పుట్టుకతోనే ఇది లేని ఇద్దరు పిల్లలను 1997లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఎంత తినినను వారి ఆకలి తీరదు. వారిలో ఒక బాలికకు లెప్టినును సూదిమందుగా ఇవ్వగా ఆకలి అదుపులోనికి వచ్చి బరువు తగ్గినదని 1999లో ప్రకటించిరి. లోకము చూపులో ఆ పిల్లకున్నది తిండిపోతుతనము. నిజమునకు ఆమెకున్నది ఒక పదార్థపు లోపము. ఇట్టి లోపము మిక్కిలి అరుదు. కాని థైరాయిడు గ్రంథి మాంద్యము, స్టీరాయిడు మందులు, నిద్రలేమి, చౌకగా దొరకు నూనె తినుబండారములు, ఆటస్థలము లేని వీధులు మొదలగునవి మన చుట్టునున్నవే. వీనిలో ఏదియు మనుష్యుని శీలమునకు సంబంధించినది కాదు.

5. నవ్వువలని నష్టము

“లావు ఆరోగ్యమునకు హాని గదా! నవ్వినచో సిగ్గుపడి తగ్గుదురు గదా!” అని కొందరు వాదింతురు. మొదటి మాట నిజము. అధిక బరువువలన మధుమేహము, రక్తపుపోటు, కీళ్ళనొప్పులు వచ్చు అవకాశము పెరుగును. దానిని దాచుట మేలు కాదు. రెండవ మాట నిజము కాదు. ఇంగ్లండున 2,944 మంది పెద్దవారిని నాలుగేండ్లు పరిశీలించి 2014లో ఫలితములు ప్రకటించిరి. బరువు కారణముగా అవమానము పొందితిమని చెప్పినవారు సగటున 0.95 కిలో పెరిగిరి. అట్టి అవమానము లేనివారు 0.71 కిలో తగ్గిరి. అవమానము ఔషధము కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

కారణమును ఊహించుట కష్టము కాదు. నవ్వులపాలైన పిల్లవాడు ఆటస్థలమునకు పోడు. పోనందున వ్యాయామము తగ్గును. నవ్వునకు వెరచి మధ్యాహ్న భోజనము మానిన బాలిక చివరి గంటలో తల తిరిగి బల్లపై వాలును. ఇంటికి చేరి ఆకలి పట్టలేక దొరికినది తినును. మన రాష్ట్రమున పిల్లలు ఆకలితో బడి మానరాదని 1956లో కామరాజు గారు మధ్యాహ్న భోజన పథకమును ప్రారంభించిరి. ప్రభుత్వము పెట్టిన అన్నమును తోటి విద్యార్థి నవ్వు విస్తరిలోనే నిలిపివేయుట ఎంత విచారకరము!

పిల్లల మనస్సులలో ఈ ద్వేషము ఎంత లోతైనదో ఒక పరిశోధన చూపినది. 1961లో రిచర్డ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలో 10, 11 ఏండ్ల 640 మంది పిల్లలకు ఆరు బొమ్మలు చూపెను. ఒకటి ఏ లోపమును లేని పిల్లది. మిగిలినవి చంకకఱ్ఱలతో నడచు పిల్ల, చక్రాల కుర్చీలోని పిల్ల, చేయి లేని పిల్ల, ముఖమున మచ్చ గల పిల్ల, లావైన పిల్ల. “ఎవరిని నీవు ఎక్కువగా ఇష్టపడుదువు?” అని అడుగగా, లావైన పిల్ల చిట్టచివర నిలిచెను. 2003లో లాట్నర్, స్టంకార్డు 458 మంది పిల్లలతో అదే పరీక్షను మరల చేసిరి. నలువది యేండ్లలో లోకము ఎంతో నేర్చినది. కాని ఆ పిల్లపై అయిష్టము తగ్గుటకు బదులు మరింత పెరిగినది.

6. మన కర్తవ్యము

కొన్ని దేశములలో ఈ అన్యాయమును చట్టము గుర్తించినది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రము 1976లోనే బరువు కారణముగా ఉద్యోగమున భేదము చూపరాదని శాసించినది. 2023లో న్యూయార్కు నగరము అట్టి శాసనము చేసినది. కాని చట్టము కచేరి వరకే వచ్చును. తరగతి గదిలోని గుసగుసలను అది వినలేదు. అచ్చట శాసనకర్తలు మీరే.

తోటివానిని తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే పిలువుడు. వార్షికోత్సవ నాటకమున లావైన బాలునకు ప్రతి యేడును కుంభకర్ణుని వేషమే ఇయ్యకుడు. వాని కంఠము బాగున్నచో హరిశ్చంద్రుడు కానిండు. ఆటలో జట్టులు పంచునపుడు ఒకనిని చివరివరకు నిలిపియుంచకుడు. ఆరోగ్యమును గూర్చిన హితవు తల్లిదండ్రులు, వైద్యులు ఏకాంతమున చెప్పదగినది. పదిమందిలో చెప్పిన హితవు పరిహాసమే యగును. రాగి సంగటి, ఆకుకూర, సాయంకాలపు ఆట అందరికిని మంచివే. లావైనవానికి శిక్షగా, సన్నవానికి మినహాయింపుగా వానిని ఎంచకుడు.

లావైన విద్యార్థులకును ఒక మాట. మీ దేహము మీ తప్పునకు సాక్ష్యము కాదు. దానిని పోషించుడు, ఆడించుడు, అవసరమైనచో వైద్యునికి చూపుడు. దానిని చూచి సిగ్గుపడకుడు. గజేంద్రుని కథలో ఏనుగు తన ఆపదను నోరెత్తి చెప్పుకొనినది, సహాయము వచ్చినది. మీరును అవమానమును మౌనముగా మ్రింగక, మీరు నమ్మిన ఉపాధ్యాయునితోనో, తల్లితోనో చెప్పుడు.

తూకపురాయి బరువును చెప్పును. అది సత్యమును, దయను, పాండిత్యమును తూచదు. మనుష్యుని ఆ రాతితో తూచినవాడు మనుష్యుని గూర్చి ఏమియు తెలిసికొనలేడు.

ప్రశ్నలు

1. “లావు” అను మాటకు ప్రాచీనార్థమేమి? ఆ యర్థము మారుటవలన మన చూపులో కలిగిన మార్పును వ్రాయుము.
2. “కొవ్వెక్కినది”, “ఒళ్ళు బలిసినది”, “చిక్కిపోయినావు” అను పలుకుబడులలో దాగిన తీర్పులను వివరింపుము. ఇట్టివే మరి మూడింటిని తెలుగునుండియు, మూడింటిని తమిళమునుండియు సేకరింపుము.
3. యాజ్ఞిక్, యడ్కిన్ గార్ల కొలతలు మనకు నేర్పునదేమి?
4. ఒక వారము పాటు నీవు చూచిన చలనచిత్రములలోను, ప్రకటనలలోను లావైనవారు ఎట్టి పాత్రలలో కనబడిరో పట్టిక వ్రాయుము. వారిలో ఎందరికి పేరున్నది? ఎందరిని చూచి ఇతరులు నవ్విరి? ఎందరు ఇతరులకు బుద్ధి చెప్పిరి? నీ పట్టికను తరగతిలో చదివి వినిపింపుము.